కర్నూలులో శీతకాలపు పక్షులకు ఏ ఒడ్డు మేలు: గార్గేయపురమా, తుంగభద్రా, సుంకేసులా, రోళ్ళపాడా?

కర్నూలులో ఉంటూ శీతకాలపు పక్షులను చూడాలనుకునేవారికి నాలుగు చోట్లు అందుబాటులో ఉన్నాయి. నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువును ఆనుకుని అటవీశాఖ పెంచిన నగరవనం మొదటిది, నగరం ఒడ్డునే పారే తుంగభద్ర రెండవది, ఆ నది మీదే ఎగువన ఉన్న సుంకేసుల బ్యారేజీ మూడవది, గడ్డి మైదానపు పక్షులకు పేరుపడిన రోళ్ళపాడు అభయారణ్యం నాలుగవది. ఇవి నాలుగూ ఒకే ఉదయం చూడగలిగినవి కావు, ఒకదానికి మరొకటి బదులు కూడా కావు. సెలవు రోజు ఒక్కటే చేతిలో ఉన్నవారు సాధారణంగా ఎక్కడ ఎక్కువ పక్షులు ఉంటాయని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిలకడైన జవాబు లేదు. ఈ నెలలో నీటి లోతు ఎక్కడ తగ్గింది, ఆ అంచుకు వెలుగును వీపు వైపు ఉంచుకుని నేనెంత దగ్గరగా నిలబడగలను అని అడిగితే మాత్రం ప్రతి ఏడాదీ, ప్రతి నెలా పనికివచ్చే జవాబు దొరుకుతుంది. ఈ పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

నీరు ఎంత ఎక్కువగా ఉంటే నీటి పక్షులకు అంత మేలని అనిపించడం సహజమే గాని, వాటి కాళ్ళూ ముక్కులూ వేరే లెక్క చెబుతాయి. లిటిల్ స్టింట్, ఉడ్ శాండ్‌పైపర్ వంటి ఉల్లంకి జాతి పిట్టలకు తడి బురద, దాని మీద వేలెడు నీరు చాలు, అంతకు మించితే వాటి ముక్కు నేలకు అందదు. తల ముంచి తోక పైకెత్తి మేసే పిన్‌టెయిల్, షోవెలర్, గార్గనీ, కామన్ టీల్ బాతులకు జానెడు లోతు హాయిగా ఉంటుంది, మూరెడు దాటితే మేత కష్టమవుతుంది. నారాయణ పక్షులు, తెల్లకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు తమ కాళ్ళ పొడవు మేరకే లోపలికి దిగుతాయి. పూర్తిగా మునిగి వేటాడే నీటికాకులకూ, బుడుబుంగలకూ, మునిగి మేసే పోచర్డ్ బాతులకూ మాత్రమే లోతైన నీరు మేలు. నిండు చెరువు మీద చూపు ఆనినంత దూరం నీరుండి, దాని నడుమ నల్లటి చుక్కలుగా కొన్ని బొల్లికోళ్ళు మాత్రమే కనిపించడానికి కారణం ఇదే. అదే చెరువు రెండు నెలల తరువాత సగానికి తగ్గి, ఎగువ అంచున బురద తేలినప్పుడు, పది పన్నెండు రకాల పక్షులు ఒకే చోట మేస్తూ కనిపించడం అరుదు కాదు.

మన సీమలో ఈ తేడా మరీ ఎక్కువ. వానలు జూన్‌లో మొదలైనా, చెరువులు నిండేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు వానలతోనే. వలస పక్షులు కూడా దాదాపు అదే వేళకు దిగుతాయి. మధ్య ఆసియా, సైబీరియా, టిబెట్ పీఠభూమి నుంచి భారత ఉపఖండానికి వచ్చే ఈ దారిని శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఉల్లంకులు ఆగస్టు చివరి నుంచే కనిపించడం మొదలవుతుంది, బాతులు నవంబరులో నిలదొక్కుకుంటాయి, మార్చి ముగిసేసరికి చాలా మటుకు తిరుగు ప్రయాణంలో ఉంటాయి. ఈ అయిదు నెలల్లో తూము కింద పారిన నీరూ, ఎండకు ఆవిరైన నీరూ కలిసి చెరువు రూపాన్నే మార్చేస్తాయి. నవంబరులో ఒక చెరువును చూసి ఇక్కడ ఏమీ లేదని తీర్పు చెప్పినవారు సంక్రాంతి తరువాత మరొకసారి అక్కడికి తప్పకుండా వెళ్ళాలి. వానలు తక్కువైన ఏడు ఈ క్రమమంతా నెలా రెండు నెలలు ముందుకు జరుగుతుంది, అప్పుడు డిసెంబరులోనే బురద అంచులు తేలి, ఫిబ్రవరికి చెరువు ఒట్టిపోవచ్చు.

గార్గేయపురం నగరవనం

కొత్తగా మొదలుపెట్టేవారికి, పిల్లలతో వెళ్ళేవారికి, ఎక్కువ దూరం నడవలేని పెద్దలకు నా ఎంపిక ఇదే. నగరానికి దగ్గర, నందికొట్కూరు వైపు పోయే ఆర్టీసీ బస్సు ఎక్కినా చేరవచ్చు, నడక దారులూ చెట్ల నీడా ఉంటాయి, ఒంటరిగా వెళ్ళిన ఆడవాళ్ళకు కూడా నది ఒడ్డు కంటే ఇక్కడ నిశ్చింతగా ఉంటుంది. పక్షి వీక్షణ ఎక్కువ భాగం కదలకుండా నిలబడి ఉండటమే కనుక, ఈ సౌకర్యాలను చిన్నచూపు చూడకూడదు. కూర్చోవడానికి చోటున్నవారే అరగంట ఒకే బాతును చూడగలరు, అరగంట ఒకే బాతును చూసినవారే దాన్ని మరుసటి వారం గుర్తుపట్టగలరు.

ఈ చోటుకున్న అసలు బలం చెరువు, చిట్టడవి పక్కపక్కన ఉండటం. ఉదయం మొదటి గంట నీటి అంచున గడిపి, ఎండ పెరిగాక చెట్ల లోపలికి మళ్ళితే చూసే జాబితా దాదాపు రెట్టింపవుతుంది. నీటి మీద చుక్కమూతి బాతులు, బొల్లికోళ్ళు, బుడుబుంగలు ఏడాది పొడవునా ఉండే స్థానికులు. వీటిని ముందు బాగా నేర్చుకోవాలి, ఎందుకంటే వచ్చిన అతిథిని గుర్తించడానికి ఇంట్లోవాళ్ళెవరో తెలిసి ఉండాలి. వలస బాతుల్లో షోవెలర్‌ను ముందుగా నేర్చుకోవడం తేలిక. గరిటెలా వెడల్పుగా చదునుగా ఉండే ముక్కు ఇక్కడి మరే బాతుకూ లేదు, పైగా నాలుగైదు కలిసి ఒకచోట గుండ్రంగా తిరుగుతూ నీటిని వడగట్టి మేయడం దూరం నుంచే తెలుస్తుంది. తరువాతది పిన్‌టెయిల్, సన్నని పొడవాటి మెడ, మొనదేలిన తోకతో కూర్చున్నా ఎగిరినా పోల్చుకోవచ్చు. చెట్ల వైపు వస్తే పాలపిట్ట, పికిలిపిట్టలతో పాటు చలికాలం మాత్రమే ఉండే బ్లాక్ రెడ్‌స్టార్ట్ కనిపిస్తుంది, చిన్న రాయి మీదనో కంప మీదనో కూర్చుని ఇటుకరంగు తోకను అదేపనిగా వణికిస్తుంది. తడి గడ్డిలో తోక ఊపుకుంటూ పరిగెత్తే కాటుకపిట్టల్లో కొన్ని ఇక్కడివి, కొన్ని ఉత్తరాది నుంచి వచ్చినవి.

బలహీనతలు కూడా చెప్పాలి. నగరవనం ముందుగా ఒక పార్కు, ఆ తరువాతే పక్షుల తావు. ఆదివారాలూ, కార్తీక మాసపు వనభోజనాల రోజులూ ఇక్కడ మనుషుల సందడి ఎక్కువ, పడవ షికారు నడిచే వేళల్లో బాతులు అవతలి ఒడ్డుకు తప్పుకుంటాయి. కనుక వారం మధ్యలో వెళ్ళగలిగితే వెళ్ళాలి, లేదా ఆదివారమైనా గేటు తెరిచిన మొదటి గంటలోనే చూడవలసింది చూసి ముగించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కర్నూలులో సూర్యోదయం ఆరున్నర తరువాతే అవుతుంది, పక్షులు బాగా చురుకుగా ఉండేది ఆ తరువాతి రెండు గంటలు. గేటు ఆలస్యంగా తెరిచే రోజుల్లో ఆ వేళలో సగం బయటే పోతుంది. సిబ్బందిని ముందుగా అడిగి వేళ తెలుసుకోవడం మంచిది. పక్షుల కోసం వచ్చామని చెప్పి అడిగితే, వాళ్ళకు ఏ మూల ఏ గుంపు దిగుతుందో తెలిసి ఉండవచ్చు కూడా.

చెరువు నిండుగా ఉన్న నెలల్లో కట్ట వైపు కంటే ఎగువ అంచు వైపు చూడటం మేలు. కట్ట దగ్గర నీరు ఎప్పుడూ లోతే, అక్కడ నీటికాకులు తప్ప మరేవీ పెద్దగా ఆగవు. వాగు నీరు వచ్చి చేరే వైపు నేల మెల్లగా వాలి ఉంటుంది, ముందుగా లోతు తగ్గేదీ, ముందుగా బురద తేలేదీ అక్కడే.

ఊరి ఒడ్డున తుంగభద్ర

రోజూ పనికి పోయేముందు అరగంట దొరికే నగరవాసికి తుంగభద్రను మించింది లేదు. హంద్రీ వచ్చి కలిసే చోటు నుంచి పుష్కర ఘాట్ల మీదుగా హైదరాబాదు వంతెన పరిసరాల దాకా ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి కనిపిస్తుంది. దీనికి వెలుగు పరంగా ఒక గొప్ప అనుకూలత ఉంది. నగరం నదికి దక్షిణపు ఒడ్డున ఉంది, చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి నడుస్తాడు. మన ఒడ్డున నిలబడి నది వైపు చూస్తే ఉదయమైనా సాయంత్రమైనా వెలుగు వెనకనుంచో పక్కనుంచో పడుతుంది గాని కళ్ళలో పడదు. రంగులు చూసి గుర్తుపట్టవలసిన పనిలో ఈ ఒక్క సౌలభ్యం ఖరీదైన అద్దాలకంటే ఎక్కువ సాయం చేస్తుంది.

వరద తగ్గాక నదిలో రాతిబండలు, ఇసుక తిన్నెలు, వాటి మధ్య మడుగులు తేలుతాయి. మడుగు పైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నిట్టనిలువుగా నీటిలోకి దూకే నలుపు తెలుపుల లకుముకి పిట్టను ఇక్కడ చూసినంత తేలికగా చెరువుల దగ్గర చూడలేము. పసుపు ముక్కు, చీలిన తోక ఉన్న రివర్ టర్న్ నది మీద బారులు తీసి ఎగురుతుంది, ఇసుక రంగులో కలిసిపోయే చిన్న ప్రాటిన్‌కోల్ గుంపులు లేచినప్పుడు మాత్రమే ఉన్నాయని తెలుస్తుంది. ఈ మూడూ నదిని నమ్ముకున్న స్థానిక పక్షులు. వలస వచ్చినవాటిలో కామన్ శాండ్‌పైపర్ ఒక్కొక్కటిగా రాళ్ళ అంచున తోక పైకీ కిందకీ ఊపుతూ తిరుగుతుంది, దాని భుజం దగ్గర రొమ్ము తెలుపు రెక్క ముందుకు పాకినట్లుగా ఉండే గుర్తు చూస్తే మరి పొరబడనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం మనసుకు కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. నగరం మురుగునీరు నదిలో కలిసే చోట్ల ఎర్రటి పొడుగుకాళ్ళ బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు గుంపులు గుంపులుగా ఉంటాయి. అన్నేసి పక్షులను ఒకేసారి చూసినవారు నది ఆరోగ్యంగా ఉందని సంతోషిస్తారు. స్టిల్ట్ మురుగును తట్టుకుని, అందులో పెరిగే పురుగులను తిని బతకగల పక్షి. రివర్ టర్న్‌కు చేప కావాలి, కంటికి ఆనే తేట నీరు కావాలి. ఒడ్డున స్టిల్ట్‌లు పెరిగి టర్న్‌లు తగ్గుతున్నాయంటే నది చెబుతున్నది సంతోషించవలసిన సంగతి కాదు. కనుక తుంగభద్రను ఎంచుకున్నవారు సంఖ్య కంటే రకాన్ని గమనించాలి, ఏ రకం ఏ నెలలో ఎక్కడుందో రాసిపెట్టాలి. నగరం నడిబొడ్డున ఏళ్ళ తరబడి రాసిన అలాంటి జాబితాకు రేపు ఏ అధికారి ముందైనా విలువుంటుంది.

జాగ్రత్తల సంగతికి వస్తే, బండల మీద నాచు జారుతుంది, ఇసుక తీసిన గుంటలు పైకి కనిపించవు, ఎగువన నీరు వదిలితే మడుగుల మధ్య నిలబడినవారికి తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. మెట్ల మీద నుంచో గట్టు మీద నుంచో చూడటమే సరి. పిల్లలకు ఈ చోటు వద్దు.

సుంకేసుల

కర్నూలు-కడప (కె.సి.) కాలువకు నీరు మళ్ళించడానికి 19వ శతాబ్దిలో ఆనకట్టగా మొదలై, ఇప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి పేరుతో ఉన్న ఈ బ్యారేజీ దగ్గర ఒకే రోడ్డుకు ఎగువన ఒక రకం, దిగువన మరో రకం నీరు దొరుకుతుంది. ఎగువన నిలిచిన విశాలమైన నీటి మీద బాతుల గుంపులు పగటిపూట విశ్రాంతి తీసుకుంటాయి. చాలా రకాల బాతులు రాత్రి వేళ వరి మళ్ళలోనూ, పల్లపు తడి నేలల్లోనూ మేసి, పగలు మనుషులకు దూరంగా నీటి నడుమ కునుకు తీస్తాయి. పట్టపగలు వెళ్ళి, అవి నిద్రపోతున్నాయని, ఏమీ చేయడం లేదని నిరాశపడటం తగదు. దిగువన రాళ్ళ మధ్య పారే పల్చని నీటిలో ఉల్లంకులు, కొంగలు, కంకణాలు మేస్తుంటాయి.

గార్గేయపురంతో పోలిస్తే ఇక్కడ నీటి విస్తీర్ణం చాలా ఎక్కువ, పక్షులు కనిపించే దూరమూ అంతే ఎక్కువ. మామూలు బైనాక్యులర్‌తో వెళ్ళిన కొత్తవారికి ఎగువ నీటి మీద బాతులు ఉన్నాయన్నంతవరకే తెలుస్తుంది, అవి ఏ బాతులో తెలియదు. మూడుకాళ్ళ స్టాండుతో స్పాటింగ్ స్కోప్ (దూరపు పక్షులను దగ్గరగా చూపే చిన్న టెలిస్కోపు) ఉన్నవారికి, లేదా అలాంటివారితో కలిసి వెళ్ళేవారికి సుంకేసుల గార్గేయపురం కంటే ఎన్నో రెట్లు మేలు. నెలల్లో చూస్తే జనవరి, ఫిబ్రవరి మంచివి, నీరు దిగి అంచులు తేలేది అప్పుడే. నీడ లేదు, తినడానికి తాగడానికి వెంట తీసుకుపోవాలి. బ్యారేజీ నీటిపారుదల కట్టడం కనుక గేట్ల దగ్గర ఫోటోలు తీయబోయేముందు అక్కడి సిబ్బందిని అడగాలి.

హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టును కూడా కొందరు ఈ వరుసలో చేరుస్తారు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు వైపువారికి అది దగ్గర కావచ్చు గాని, కర్నూలు నుంచి ప్రత్యేకంగా బయలుదేరేవారికి సుంకేసుల ఇచ్చేదానికంటే అది ఎక్కువ ఇస్తుందని నేను అనుకోను.

రోళ్ళపాడు

ఇక్కడికి నీటి పక్షుల కోసం వెళ్ళకూడదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు, 2022 జిల్లాల విభజన తరువాత ఇది నంద్యాల జిల్లాలోకి వచ్చింది. నందికొట్కూరు చేరి అక్కడి నుంచి మిడుతూరు మండలంలోకి పోవాలి. బట్టమేక పిట్ట దేశమంతటా అంతరించే అంచున ఉంది. దాన్ని చూడాలన్న ఆశతో వెళ్ళేవారికి ముందే ఆ మాట చెప్పడం న్యాయం. కృష్ణజింకలు మాత్రం ధారాళంగా కనిపిస్తాయి.

అయినా దీన్ని ఈ పోలికలో చేర్చడానికి బలమైన కారణముంది. చలికాలంలో కజకిస్థాన్ గడ్డి మైదానాల వంటి దూర ప్రాంతాల నుంచి మాంటేగ్యూ హ్యారియర్, పాలిడ్ హ్యారియర్ అనే గద్దలు వచ్చి, పగలంతా చుట్టుపక్కల చేలమీద మిడతల కోసం నేలబారుగా తేలుతూ తిరిగి, పొద్దు గూకే వేళకు గడ్డిలో నేల మీదే రాత్రి బసకు దిగుతాయి. గద్ద అంటే చెట్టు కొమ్మన కూర్చునేదని అనుకునేవారికి అది మరపురాని దృశ్యం. అంటే మిగతా మూడు చోట్లకు ఉదయం వెళ్ళాలి, రోళ్ళపాడుకు సాయంత్రం వెళ్ళాలి. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు చేరి, అటవీ సిబ్బంది అనుమతించిన చోట వాహనం పక్కనే నిలబడి చూడాలి. బస దిగే గడ్డిలోకి ఎట్టి పరిస్థితిలోనూ నడవకూడదు, దీపాలు వేయకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. చీకటిలో ఒకసారి లేచిన గద్ద మరో చోటు వెతుక్కోవడానికి ఖర్చుచేసే బలం దాని మరుసటి రోజు వేట నుంచి తగ్గుతుంది.

ఆడ హ్యారియర్లూ, పిల్ల హ్యారియర్లూ రెండు జాతుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి, అనుభవమున్నవారు కూడా ఒక్కొక్కప్పుడు పేరు పెట్టకుండా వదిలేస్తారు. నీటి పక్షులతో ఒక చలికాలం గడిపి, కన్ను కుదిరాక రోళ్ళపాడు వెళ్ళినవారికి దక్కేది ఎక్కువ. మొదటి ప్రయాణంగానే అక్కడికి పోతే, దూరాన తేలే బూడిదరంగు రెక్కలు తప్ప మరేమీ మనసులో నిలవకపోవచ్చు. వెళ్ళే దారిలో జొన్న చేలు వస్తే వేగం తగ్గించడం మంచిది. గులాబీరంగు గోరింకలు వేల సంఖ్యలో చేలమీద వాలి లేచే దృశ్యం ఈ నెలల్లో చూడదగ్గది.

నెల ఎంచుకోవడం

ఒక్క నెలనే ఎంచుకోమంటే జనవరి అంటాను. అక్టోబరు, నవంబరు నెలల్లో దిగిన మగ బాతులు ఇంకా ఈకలు మార్చుకునే దశలోనే ఉండి ఆడ బాతుల్లా మట్టిరంగులో ఉంటాయి, వాటిని చూసి కొత్తవారు ఏ గుర్తూ పట్టలేక విసిగిపోతారు. జనవరి నాటికి మగ షోవెలర్ ఆకుపచ్చ తల స్పష్టంగా తేలుతుంది. నీరు కూడా అప్పటికి సగానికి దిగి ఉంటుంది. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన కూడా ఈ నెలలోనే. నవంబరులోనే మొదలుపెట్టాలని ఉన్నవారు తుంగభద్రను, గార్గేయపురం చెట్ల భాగాన్ని నమ్ముకోవాలి. ఫిబ్రవరి మాటకొస్తే అది సుంకేసులది, ఒట్టిపోతున్న చిన్న చెరువులను వదిలిన పక్షులు మిగిలిన పెద్ద నీటికి చేరుతాయి కనుక.

బైనాక్యులర్ విషయంలో

దుకాణంలో 8×42, 10×42 రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండవది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పది రెట్లు ఎనిమిది కంటే మేలే కదా అని ఎక్కువమంది 10×42 తీసుకుంటారు. మొదటి బైనాక్యులర్‌గా 8×42 తీసుకోమనడానికి నాకు మూడు కారణాలున్నాయి. వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది, 8×42లో అది 5.25 మిల్లీమీటర్లు, 10×42లో 4.2, పొద్దున్నే మసక వెలుతురులో ఆ తేడా తెలుస్తుంది. పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది, స్టాండు లేనివారికి దానివల్ల వివరం పోతుంది. ఎనిమిది రెట్లలో ఎక్కువ మేర ఒకేసారి కనిపిస్తుంది కనుక ఎగిరే పక్షిని వెతికి పట్టుకోవడం తేలిక. సుంకేసులకూ, రోళ్ళపాడుకూ ఎక్కువగా వెళ్ళేవారికి 10×42 న్యాయమే.

ఏది కొన్నా ఉదయం తొమ్మిదిన్నర, పది దాటాక కర్నూలు ఎండకు నీటి మీద, బండల మీద వేడి గాలి కదిలి దూరపు బొమ్మ వణుకుతుంది, అప్పుడు ఎన్ని రెట్లున్నా పనికిరాదు. రెట్లు మార్చే జూమ్ బైనాక్యులర్లు, ఎర్రగా మెరిసే పూత అద్దాలు కొనవద్దు, వాటిలో బొమ్మ మసకబారి రంగులు తేడాగా కనిపిస్తాయి, పక్షికి రంగే కదా ముఖ్యమైన గుర్తు. కళ్ళద్దాలు వాడేవారు కొనేముందు అవి పెట్టుకునే చూసి, పూర్తి వలయం కనబడుతున్నదో లేదో సరిచూసుకోవాలి. కొనే స్తోమత ఇప్పుడు లేనివారు ఆగనక్కరలేదు. గార్గేయపురంలో, తుంగభద్ర ఘాట్ల మీద ఉత్త కంటితోనే ఇరవై రకాల దాకా నేర్చుకోవచ్చు. సుంకేసుల బాతులు మాత్రం ఉత్త కంటికి అందవు.

బైనాక్యులర్ బదులు పెద్ద జూమ్ కెమెరా కొనాలా అని అడిగేవారూ ఉన్నారు. ఫోటో తరువాత గుర్తించడానికి ఉపయోగపడుతుంది, కాదనను. కెమెరా ఒక్కటే ఉన్నవారు మాత్రం పక్షి ఏం చేస్తున్నదో చూడటం మాని ఫోటో కోసం దగ్గరికి నడవడం మొదలుపెడతారు. మనం ఒక అడుగు ఎక్కువ వేసినప్పుడు మేత మాని తల పైకెత్తిన బాతు, మనం మరో అడుగు వేస్తే ఎగురుతుంది. తల ఎత్తిన క్షణమే మన హద్దు. ముందు బైనాక్యులర్, తరువాతే కెమెరా.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది, నగరవనం చెట్ల మధ్య అది చక్కగా సాయపడుతుంది. పగటి నీటి మీద బాతులు ఎక్కువగా మౌనంగా ఉంటాయి కనుక చెరువు దగ్గర దాని కూత భాగం అంతగా అక్కరకు రాదు, ఫోటో పెట్టి అడిగితే కొంత చెబుతుంది. చూసినవాటిని, పక్షి వీక్షకులు తమ జాబితాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేయడం అలవాటు చేసుకోవాలి. పక్షిని పిలవడానికి దాని కూత రికార్డు మాత్రం ఎక్కడా వినిపించకూడదు.

పై నాలుగింటినీ ఒక చలికాలంలో చూడదలచినవారు నవంబరులో వారానికి ఒకటి రెండు ఉదయాలు తుంగభద్రతో మొదలుపెట్టి నది పక్షులను, కాటుకపిట్టలను నేర్చుకోవాలి. డిసెంబరులో, జనవరి మొదటి సగంలో గార్గేయపురం వెళ్ళి బాతులను ఒక్కొక్క రకంగా పట్టుకోవాలి, అప్పటికి పేర్లు నోటికి వస్తాయి. సంక్రాంతి తరువాత స్కోప్ ఉన్న ఒకరిని తోడు తీసుకుని సుంకేసుల, జనవరి చివర ఒక సాయంత్రం రోళ్ళపాడు పెట్టుకోవాలి. మధ్యలో వానలు తప్పి గార్గేయపురం చెరువు తొందరగా దిగిపోతున్నట్లు తెలిస్తే ఈ వరుస మార్చి, అన్నిటికంటే ముందు అక్కడికే వెళ్ళాలి.